ఆటోనగర్ బకెట్

తిరుగుతున్న సెంట్రిఫ్యూజ్ మూత మీద టీ గ్లాసు పెట్టేవాళ్ళని చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుకొస్తుంది. రిటైరై ఇంట్లో కూర్చున్నవాణ్ణి, నాకెందుకులే అనుకుంటాను. అయినా మొన్న మా ఆవిడకి షుగరు పరీక్ష చేయిద్దామని ల్యాబుకి వెళితే అక్కడి టెక్నీషియను సరిగ్గా అదే పని చేస్తున్నాడు. ఊరుకోలేక చెప్పాను. "ఏం కాదు సార్, రోజూ పెడుతున్నాగా" అన్నాడు. ఈ "ఏం కాదు" అనే మాట ఉద్యోగం చేసినన్నాళ్ళూ విన్నాను. విన్న ప్రతిసారీ పోట్లాట పెట్టుకున్నాను. నోటి దురుసు మనిషని నాకు పేరు కూడా వచ్చింది. రానివ్వండి, నాకేమీ బాధ లేదు.

నేను విజయవాడలో ల్యాబు పరికరాలు అమ్మే ఒక డీలరు దగ్గర సర్వీసు ఇంజనీరుగా చేశాను. బైకు మీద టూల్‌బ్యాగు కట్టుకుని అటు బందరు దాకా, ఇటు మైలవరం దాకా తిరిగేవాణ్ణి. మైక్రోస్కోపులు, ఇంక్యుబేటర్లు అన్నీ చూసేవాణ్ణిగాని నాకు అసలైన సబ్జెక్టు సెంట్రిఫ్యూజే. మిగతా మిషన్లు పాడైతే ఆగిపోతాయి, అంతే. ఇది పాడైతే మనిషి మీదికి వస్తుంది.

ల్యాబుల్లో కొత్తగా చేరిన పిల్లల కోసం రాస్తున్నాను కాబట్టి మీకు తెలిసిందే మళ్ళీ చెబుతున్నానని విసుక్కోకండి. బయటివాళ్ళు కూడా చదువుతారు కదా. రక్తం తీసిన గొట్టాల్ని ఈ మిషన్లో పెట్టి గిరగిరా తిప్పితే ఎర్రకణాలు అడుక్కి దిగి, పైన తేటగా సీరం నిలుస్తుంది. ఆ తేట లేనిదే సగం పరీక్షలు జరగవు. లోపల మధ్యలో తిరిగేది రోటర్. దాని చేతుల మధ్య నాలుగు అల్యూమినియం గిన్నెలు వేలాడుతుంటాయి. మనం బకెట్లంటాం గాని ఒక్కోటి మంచినీళ్ళ గ్లాసంత ఉంటుంది. బకెట్‌కి రెండు పక్కలా రెండు గాడులుంటాయి. రోటర్‌కి ఉన్న పిన్నుల మీద ఆ గాడులు కూర్చుంటాయి. బోల్టు లేదు, నట్టు లేదు. అరకిలో కూడా తూగని ఆ బకెట్ పూర్తి వేగం అందుకున్నాక ఒక చిన్న కారంత బరువుతో బయటికి లాగుతుంది. ఆ కారంతా ఆ రెండు గాడుల మీదే వేలాడుతోందన్నమాట. అక్కడ వెంట్రుకంత పగులొచ్చిందంటే ఇక చెప్పేదేముంది?

అలాంటి పగులే వన్‌టౌన్‌లోని ఒక నర్సింగ్‌హోమ్‌లో కనిపెట్టాను. కిరాణా గోడౌన్ల మధ్య పాత మేడ అది. లోపలికి వెళ్ళాలంటే తోపుడుబళ్ళని తప్పించుకుంటూ వెళ్ళాలి. ల్యాబు మెట్ల కింది గదిలో ఉండేది. ఆ ఇరుకులోనే బల్ల, ఆ బల్ల మీద సెంట్రిఫ్యూజ్, దానికి జానెడు దూరంలో టెక్నీషియను అమ్మాయి కూర్చునే స్టూలు. వేరే చోట వేసుకుందామంటే గదిలో చోటు లేదు. ఆ అమ్మాయి పనిమంతురాలు. గొట్టాల్ని ఎదురెదురుగా తూకం చూసి పెట్టేది, రోటర్ పూర్తిగా ఆగేదాకా మూత తీసేది కాదు. ఒక్కటే తప్పు చేసింది. రక్తం మరకలు పోవాలని బకెట్లని రాత్రంతా బ్లీచింగ్ నీళ్ళలో నానబెట్టేది. అల్యూమినియానికి బ్లీచింగ్ విషంతో సమానం. మామూలు సబ్బునీళ్ళతో కడిగి, మంచినీళ్ళతో తొలిచి, గుడ్డ మీద బోర్లించి ఆరబెడితే చాలు. ఎవరూ చెప్పలేదు, ఆమెకి తెలియలేదు. సర్వీసుకి వెళ్ళినప్పుడు బకెట్లన్నీ తుడిచి భూతద్దంతో చూస్తే ఒకదాని గాడి మూల సన్నటి గీత కనిపించింది. వెంటనే మిషను ఆపేయించాను.

నాలుగూ కలిపి కొత్త సెట్టే వెయ్యాలి. అది విదేశం నుంచి రావాలి, వారాలు పడుతుంది. ఎదురెదురు రెండు తీసేసి మిగతా రెండిటితో నడుపుకోవచ్చా అని అమ్మాయి అడిగింది. కుదరదన్నాను. నాలుగు చోట్లా నాలుగు బకెట్లూ ఉండాల్సిందే. జ్వరాల కాలం అది. వార్డులో మంచాలు చాలక వరండాలో కూడా పడుకోబెట్టారు. ప్రతి శాంపిలూ వేరే ల్యాబుకి పంపాలి, రిపోర్టు సాయంత్రానికి గాని రాదు. పెద్ద డాక్టరుగారు చిరాకు పడ్డారు. ఆయన చిరాకులో తప్పేమీ లేదు. పేషెంటుని ఎదురుగా పెట్టుకుని రిపోర్టు కోసం కూర్చోవడం ఎంత నరకమో ఆయనకే తెలుసు.

కొన్నాళ్ళకి ఆ అమ్మాయే ఫోను చేసింది. కొత్త బకెట్ వచ్చిందట, నేనొచ్చి బిగించి పోవాలట. నాకు తెలియకుండా బకెట్ ఎలా వచ్చిందబ్బా అనుకుంటూ వెళ్ళాను.

బల్ల మీద తళతళా మెరుస్తూ ఉంది. పాత మూడిటి పక్కన ఇదే అసలుది అన్నట్టుంది. డాక్టరుగారు మెట్లు దిగి వచ్చి మరీ చూపించారు. కాంపౌండరుని ఆటోనగర్ పంపి, పగిలిన బకెట్‌ని నమూనాగా ఇచ్చి చేయించారట. తూకం వేసి చూశారట, పాతదానికీ దీనికీ ఆవగింజంత తేడా కూడా రాలేదట. నేను చేతిలోకి తీసుకుని తిప్పి చూశాను. అంచు మీద వేలు పెట్టగానే అది ఎవరి పనో తెలిసిపోయింది. వేలికి గుచ్చుకోకుండా అంచుని అంత మెత్తగా చుట్టేసే లేతు పనివాడు ఆటోనగర్ మొత్తంలో ఒక్కడే ఉన్నాడు. ఆయన మా అక్క భర్త, మా బావ.

బిగించనన్నాను. డాక్టరుగారి ముఖం మాడిపోయింది. "అంటే కంపెనీ ముద్ర లేకపోతే పనికిరాదంటారు. మీ డీలరు అమ్ముకోవాలి కదా మరి" అన్నారు. నాకు చర్రున కోపమొచ్చింది గాని ఆయన వయసు చూసి తగ్గాను. ఇది ముద్ర గొడవ కాదండీ, ఆ స్టూలు గొడవ అన్నాను. ఈ బకెట్ విడిపోతే మొదట తగిలేది ఆ స్టూలు మీద కూర్చున్న మనిషికేనన్నాను. అమ్మాయి గబుక్కున స్టూలు మీద నుంచి లేచింది. డాక్టరుగారు ఆమె వంక చూశారు, నా వంక చూశారు. విడిపోతుందని నాకెలా తెలుసని అడిగారు. విడిపోదని ఆయనకెలా తెలుసని నేను అడిగాను.

పెద్దమనిషి ఆయన. పద్ధతిగా ఒక మాట అన్నారు. ఎలాగూ మిషను ఆగే ఉంది కాబట్టి నాలుగు బకెట్లూ తీసుకెళ్ళమన్నారు. ఆదివారం దాకా నాకు గడువు. అది చెడ్డదని చూపిస్తే ఎన్ని వారాలైనా ఆగుతానన్నారు. చూపించలేకపోతే సోమవారం పొద్దున్నే వచ్చి బిగించాలి. ఒప్పుకున్నాను.

మా బావ గురించి చెప్పాలి. ఆటోనగర్‌లో ఆయన లేతు షెడ్డు తెలియనివాళ్ళు లేరు. దొరకని పార్టంటూ ఆయన దగ్గర లేదు. ఏ దేశపు బండి ముక్కైనా పొద్దున ఇస్తే సాయంత్రానికి దాని కవలపిల్లని చేతిలో పెడతాడు. ఇదెలా చేశావు బావా అంటే, "చేసినోడూ మనిషే కదరా" అంటాడు. ఆ మాటకి నేనే ఎన్నోసార్లు చప్పట్లు కొట్టాను. డిప్లొమా చదివేటప్పుడు మైక్రోమీటరు పట్టుకోవడం నాకు నేర్పింది ఆయనే. అలాంటి మనిషి చేసిన పనిని నలుగురిలో వద్దని వచ్చాను. ఆ కబురు కాంపౌండరు నోటి మీదుగా నాకన్నా ముందే ఆటోనగర్ చేరింది.

నేను వెళ్ళేసరికి బావ లేతు ఆపలేదు, తలెత్తలేదు. టీ తాగుతావా అని కూడా అడగలేదు. నేనే లేతు ఆపాను.

"కొలత తప్పిందా?" అన్నాడు.

"లేదు బావా."

"తూకం తప్పిందా?"

"లేదు."

"మరి నీ నొప్పేంటిరా? అవతల ఆస్పత్రిలో జనం పడున్నారు, కంపెనీవాడు తిప్పుతున్నాడు అన్నారు. చేసిచ్చాను. లారీ వాడికి చేసి పెట్టేవాణ్ణి, రోగమొచ్చినోడికి చెయ్యనా?"

ఏ లోహంతో చేశావని అడిగాను. ఆ మాట అడుగుతానని ఆయనకీ తెలుసు. పాత లారీ పిస్టన్లు కరిగించి పోత పోయించి, ఆ ముద్దని లేతు మీద చెక్కాడట. ఆటోనగర్‌లో అల్యూమినియం ముక్క కావాలంటే అందరూ చేసేది అదే. పిస్టను ఇంజన్లో నిప్పుల మధ్య పనిచేసేది, దాని కన్నా గట్టి అల్యూమినియం ఏముంటుంది అన్నది ఆయన వాదన. కంపెనీవాడిది పోత కాదు బావా, ఒత్తి చేసిన లోహం, ఒక్కో తడవ సరుకునీ పరీక్ష చేసి మరీ చెక్కుతాడన్నాను. నీ చేతిలో లోపం లేదు, ఆ ముద్ద లోపల ఏముందో నీకూ తెలియదు నాకూ తెలియదు అన్నాను. ఆయన వినలేదు. తిప్పి చూపించమన్నాడు. తిప్పితే నిలుస్తుందో పోతుందో కళ్ళతో చూస్తానన్నాడు.

ఆ సాయంత్రం అక్క ఫోను చేసింది. నేనంటే ప్రాణం పెట్టే మనిషి. ఆ రోజు మాత్రం తిట్టింది. "ఆయన ఇన్నేళ్ళు కష్టపడి తెచ్చుకున్న పేరురా అది. నువ్వే తీసేస్తే ఇక బయటివాళ్ళని ఏమనాలి?" అంది. ఇంకొకరి షెడ్డులో చేసిన బకెట్ అయినా ఇదే మాట అనేవాణ్ణి. బావదే అయ్యేసరికి నోరు కాస్త తడబడింది, అంతే తేడా.

ఆదివారం చర్చిలో పొద్దుటి ఆరాధన అయ్యాక బావ తెల్లచొక్కా మార్చకుండానే షెడ్డు తెరిచాడు. పక్క షెడ్లన్నీ మూసి ఉన్నాయి. అందుకే ఆ రోజు పెట్టుకున్నాం. మూతబడిన ఒక ఆస్పత్రి నుంచి అదే మోడల్ మిషను ఒకటి నా దగ్గరికి వచ్చి పడి ఉంది. బకెట్లు లేవుగాని మోటారు, రోటరు భేషుగ్గా ఉన్నాయి. దాన్ని ఆటోలో తెచ్చాను. బావ షెడ్డులో లారీల కింద పనిచేయడానికి తవ్విన సిమెంటు గొయ్యి ఉంది. మిషన్ని దాని అడుగున బిగించాం. డాక్టరుగారి మూడు బకెట్లు, బావ చేసిన బకెట్ తగిలించి నీళ్ళు నింపిన గొట్టాలు తూకం చూసి పెట్టాం. గొయ్యి మీద లావుపాటి ఇనప రేకులు పరిచి, వాటి మీద ఇసుక బస్తాలు పేర్చాం. వైరు లాగి స్విచ్చి వీధి గుమ్మం దగ్గర పెట్టుకున్నాం. మీరెవరూ ఇలాంటి ప్రయోగాలు చెయ్యకండి. మేము చేశామంటే గొయ్యి ఉంది కాబట్టి, మా ఇద్దరిలో ఎవరికీ తగ్గే బుద్ధి లేదు కాబట్టి.

స్విచ్చి వేశాను. కూత సన్నగా మొదలై పెరిగి ఒక దగ్గర నిలబడింది. గోడకి ఆనుకుని ఇద్దరం వింటూ నిలబడ్డాం. ఆపాను. రోటర్ ఆగాక రేకు జరిపి చూశాం. బకెట్ చెక్కుచెదరలేదు. మళ్ళీ వేశాను, మళ్ళీ నిలిచింది. పొద్దు నడినెత్తికి వచ్చేదాకా వేస్తూ ఆపుతూ ఉన్నాం. ప్రతిసారీ నిలిచింది. బావ ముఖం విప్పారింది. "బామ్మర్దీ, రేపు పొద్దున్నే పోయి బిగించు. డాక్టరుగారికి నా నమస్కారాలు చెప్పు" అన్నాడు. అక్క కోడికూర, అన్నం పట్టుకొచ్చింది. బావకి ముక్కలు వేసి నాకు పులుసు పోసింది. ఆ కోపం అలా చూపించింది.

నిజం చెప్పొద్దూ, నాకు నవ్వొచ్చింది గాని అనుమానం మాత్రం ఇసుమంత తగ్గలేదు. నిలిచింది అంటే ఇంకా విరగలేదని, అంతవరకే. ఈ ఒక్క ముక్క గుర్తుంచుకుంటే మీ ఉద్యోగం సగం వచ్చినట్టే. నిన్న తిరిగిందన్న ధైర్యంతోనే జనం ఇవాళ దెబ్బతింటారు.

చెయ్యి కడుక్కుంటూ బావని అడిగాను. లారీ క్రాంకుషాఫ్టు తెస్తే పగులుందో లేదో ఎలా చూస్తావని. అదేం ప్రశ్న అన్నాడు. కిరసనాయిలు రాసి, కాసేపుంచి, పొడిగుడ్డతో శుభ్రంగా తుడిచి, పైన సుద్దపొడి చల్లుతారు. పగులుంటే దానిలో దూరిన కిరసనాయిలు సుద్దని తడిపి గీతలా బయటపడుతుంది. ఆటోనగర్‌లో పుట్టిన ప్రతివాడికీ తెలిసిన విద్యే. మరి దీనికీ చూడు అన్నాను.

ఆయన నవ్వుతూనే మొదలెట్టాడు. నాలుగు బకెట్లకీ వరసగా రాశాడు, తుడిచాడు, సుద్దపొడి అద్దాడు. కంపెనీ బకెట్లు మూడూ తెల్లగా ఉన్నాయి. నాలుగోదాని గాడి మూల తెలుపు మీద సన్నటి తడి గీత మెల్లిగా పైకొచ్చింది. బావ నవ్వు ఆగింది. ఆయన మొత్తం కడిగేసి, మళ్ళీ తనే మొదటినుంచీ చేశాడు. ఈసారి చెయ్యి నెమ్మదిగా కదిలింది. గీత మళ్ళీ అక్కడే వచ్చింది.

ఇక చాలు బావా అన్నాను. "తగిలించు. చూడాలి" అన్నాడు.

నాకిష్టం లేకపోయింది. పట్టుబట్టాడు. రేకులు, బస్తాలు ఎప్పటిలా సర్ది, అక్కని వీధిలోకి పంపి స్విచ్చి వేశాను. కూత పైకి లేచి ఇంకా నిలదొక్కుకోకముందే లారీ టైరు పేలినట్టు చప్పుడైంది. రేకు ఎగిరి పడింది, బస్తా చిరిగి ఇసుక కారింది. లోపల మిషను పిచ్చిగా కొట్టుకుని కొట్టుకుని ఆగిపోయింది. అక్క పరిగెత్తుకొచ్చి మా ఇద్దర్నీ తడిమి చూసింది, ఏడ్చేసింది. ఇన్నేళ్ళుగా అందరికీ చెబుతూ వచ్చిన చప్పుడుని నేను మొదటిసారి విన్నది ఆ రోజే.

గొయ్యి సిమెంటు గోడలో దోసిలంత పెళ్ళ లేచిపోయింది. బావ కిందికి దిగి ముక్కని వెతికి తెచ్చాడు. విరిగిన చోట వెలుతుర్లో పెట్టి చూస్తే ఇడ్లీ విరిచినట్టు లోపలంతా సన్న సన్న రంధ్రాలు. పోతలో గాలి చేరింది. పైన ఎంత నునుపుగా చెక్కితే మాత్రం లోపలి గాలి ఎవరికి కనిపిస్తుంది? ఆయన గొయ్యి అంచున కూర్చుండిపోయాడు. తెల్లచొక్కా నిండా కిరసనాయిలు, సుద్ద. గెలిచానన్న సంతోషం నాకు కలగలేదు. ఏదో ఒకటి అనాలని నోరు తెరిచేలోపు ఆయనే అన్నాడు.

"ఇట్టాంటివి ఇంకా మూడు చేశాన్రా."

ఎవరెవరికని అడిగాను. ఒకరి ద్వారా ఒకరు తెలుసుకుని వచ్చారట. రెండు బెజవాడలోనే ఉన్నాయి, ఒకటి మైలవరం పోయింది. మైలవరానిది ఇచ్చి ఏడాదైంది. ఆయన అప్పుడే బయల్దేరతానని లేచాడు. ఆదివారం ల్యాబులకి తాళాలుంటాయి, రేపు వెళ్దామని ఆపాను. ఆ రాత్రి ఆయన అన్నం ముట్టలేదని తర్వాత అక్క చెప్పింది.

సోమవారం బావ షెడ్డు తియ్యలేదు. పనిరోజున ఆ షెడ్డు మూసి ఉండటం పక్కవాళ్ళకి వింత. డాక్టరుగారికి విరిగిన ముక్క ఫోటో పంపాను. ఆయన వెంటనే ఫోను చేసి, సెట్టు వచ్చేదాకా శాంపిళ్ళు బయటికే పంపుతానన్నారు. ఎవరి మీదా విసుక్కోలేదు. మీ బావగారిని బాధపడవద్దని చెప్పండి, అడిగింది మేమే కదా అన్నారు. బెజవాడలో రెండు చోట్లా పని తేలిగ్గానే అయింది. ఒక చోట మిషనే మూలపడింది, సొరుగులోంచి బకెట్ తీసిచ్చారు. ఇంకో చోట ముక్కని చూపించి, నా పద్ధతిలో నాలుగు మాటలు అనేసరికి భయపడి ఇచ్చేశారు. బావ రెండు చోట్లా వెనకే నిలబడ్డాడు.

మైలవరం చేరేసరికి మధ్యాహ్నమైంది. మెడికల్ షాపు పైన చిన్న ల్యాబు. ఓనరూ టెక్నీషియనూ అతనే, నడివయసు మనిషి. మేం మెట్లెక్కేటప్పటికే కూత వినబడింది. మిషను నడుస్తోంది. అతను దాని పక్కనే కుర్చీ వేసుకుని రిపోర్టులు రాసుకుంటున్నాడు. కుర్చీ వెనక బెంచీ మీద రక్తం ఇవ్వడానికి వచ్చిన ఒక తల్లి, ఆమె ఒళ్ళో నిద్రపోతున్న పసిపాప.

నేను అదిరిపోయి గబగబా మొదలెట్టాను. ముందు మిషను ఆపమన్నాను, బకెట్ ప్రమాదమన్నాను, ముక్క చూపించాను. నా గొంతు సంగతి మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. అది పెరిగినకొద్దీ అతను బిగుసుకున్నాడు. ఏ కంపెనీ అండీ మీది అని అడిగాడు. చెప్పాను. ఇంకేముంది, అతని అనుమానం ఖాయమైపోయింది. "ఏడాది నుంచి తిప్పుతున్నానండీ. చిన్న చప్పుడు కూడా లేదు. కొత్త సెట్టు అమ్ముకోడానికి ఇంత కథ దేనికి?" అన్నాడు. నేను ఇంకో మాట అంటే మమ్మల్ని మెట్ల మీంచి దింపేసేవాడే.

అప్పుడు బావ నన్ను పక్కకి జరిపాడు. నేరుగా గోడ దగ్గరికెళ్ళి స్విచ్చి ఆపేశాడు. అతను కుర్చీలోంచి లేచాడు. ఎవరండీ మీరు, నా మిషను ముట్టుకోడానికి మీరెవరు అని అరిచాడు. బావని అతను ఎన్నడూ చూడలేదు. మధ్యమనిషి తెచ్చి ఇస్తే బిగించుకున్నాడు, అంతే.

బావ ముందు ఆ తల్లి వైపు తిరిగి, కాసేపు బయట వరండాలో కూర్చోమ్మా అన్నాడు. ఆమె పాపని ఎత్తుకుని వెళ్ళింది. అప్పుడు అతనివైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు. ఆటోనగర్‌లో ఎంత పెద్ద లారీ ఓనరు ముందూ ఆ చేతులు అలా కలవగా నేను చూడలేదు.

"ఆ బకెట్ చేసింది నేనేనండీ. దాని తోడుది నిన్న నా కళ్ళముందే పేలిపోయింది. ఇది మంచిదో చెడ్డదో నాకు తెలవదు, తెలుసుకునే దారీ లేదు. నా పని నమ్మి పెట్టుకున్నారు కదా. ఇప్పుడు నా మాట నమ్మి తీసెయ్యండి."

అతను ఆయన చేతుల వంకే చూశాడు. కూత తగ్గుతూ తగ్గుతూ సన్నబడింది. రోటర్ పూర్తిగా ఆగేదాకా ముగ్గురం అలాగే నిలబడ్డాం. అప్పుడు అతనే మూత తీసి, బకెట్‌ని పిన్నుల మీంచి పైకెత్తి, రెండు చేతులతో బావకి అందించాడు.